ప్రాణబిళ్ళ

ఈ పాయలో కాలు ఎత్తి అడుగేస్తే, ఆ కాలు మళ్ళీ నేలమీద ఆనడానికి మూడు నెలలు పడుతుంది. అందుకే మంగాయమ్మ పదహారేళ్ళుగా గోదావరిలోకి పాదాలు ఇసుకలో ఈడ్చుకుంటూనే దిగుతోంది. ఇసుక కదిలితే అడుగున పళ్ళెంలా పరుచుకుని పడుకున్న టేకు చేప పక్కకు జరుగుతుంది. మీద అడుగు పడితే మాత్రం తోకలోని ముల్లు మడమలో దించుతుంది. చేపల కాపలా ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె ఇంట్లోనూ అలాగే నడిచి, చెప్పులు అరిగిపోతున్నాయని అత్తగారిచేత అనిపించుకుంది.

ఇప్పుడు పాయలో మిగిలింది ఒకే చేప. మంగాయమ్మ దాన్ని పెద్దావిడ అంటుంది. తోక మొదట్లో కట్టిన ప్రాణబిళ్ళ దాని కదలికనూ ఒంటి వేడినీ నదుల నీటి పంపకం చూసే జలపాలికకు చేరవేస్తుంది. నదిలో పుట్టిన జీవి ఒక్కటైనా బతికి ఉంటేనే నది బతికున్నట్టు, నీటివాటా దక్కినట్టు. లేకపోతే గేట్లు దించి నీళ్ళన్నీ గొట్టాలతో నీళ్ళు తోడుకునే నగరాలకు మళ్ళిస్తారు, దిగువనున్న తొమ్మిది లంకల జనాన్ని లారీలెక్కిస్తారు. ఎగువ పాయకు అలాగే జరిగింది. లారీలు మాత్రం చెప్పిన సమయానికే వచ్చాయి.

పెద్దావిడ పోయిన నెల చూలుతో ఉంది. ఆరోగ్య తనిఖీకి వారం వారం వలతో పైకెత్తాలని నియమం. ఎత్తగానే బెదిరిపోయి, నెలలు నిండని పిల్లల్ని వలలోనే ఈనేసింది. అప్పడాలంత ఉన్నాయి, మూడు. తనిఖీ సంతృప్తికరమని జలపాలిక జవాబిచ్చింది. వల పట్టింది మంగాయమ్మే.

ఈ ఉదయం ఆమె పాదం చేపకు తగిలింది. చేప జరగలేదు.

గట్టున, జలపాలిక మాటలు వినిపించే పలుకుపెట్టె దగ్గర మరిది ధనరాజు కూర్చున్నాడు. రెండున్నర గంటలుగా చేపలో కదలిక లేదని జలపాలిక అంటోందనీ, ఇంకో అరగంట చూసి గేట్లు దించేస్తుందట అనీ చెప్పాడు. గొంతు మామూలుగానే ఉంది. ఖాళీ టీ గ్లాసునే మళ్ళీ నోటికెత్తుకున్నాడు.

మంగాయమ్మ వంగి చేపను తడిమి చూసింది. బిళ్ళ విప్పి, జడ రిబ్బనుతో తన చీలమండకు కట్టుకుంది. పెద్దావిడను అక్కడే ఇసుకతో కప్పి, పాదాలీడుస్తూ నడక మొదలుపెట్టింది.

కాసేపటికి పలుకుపెట్టె ఏదో చెప్పింది. ధనరాజు విని తల గోక్కున్నాడు.

"వదినా, చేపకి జొరం వచ్చిందంట."

"ఎంతంట?"

"ముప్పై అయిదు. నది కాగిపోతందని అయిదు గేట్లు ఎత్తేత్తన్నారు."

మూడేళ్ళుగా ఒక్క గేటు మించి ఎత్తింది లేదు. చల్లటి నీళ్ళు ఆమె నడుము దాకా వచ్చాయి. లంకల వైపు ఎండిన కాలవల్లోకి అవి మలుపు తిరగడం కనిపించింది. బిళ్ళ నేల వదిలితే చేప కాదని తెలిసిపోతుంది. ఒడ్డెక్కితే చేప చచ్చినట్టే. టేకు చేప ఇరవై ఏళ్ళు బతుకుతుందని శిక్షణలో చెప్పడం ఆమెకు గుర్తొచ్చింది.

మధ్యాహ్నానికి కాళ్ళు మొద్దుబారాయి. ధనరాజు చెప్పులు విప్పి, లుంగీ ఎగ్గట్టి, ఒక కాలు ఎత్తి నీళ్ళలోకి చాపాడు.

"కాలెత్తకు."

"ఇంకెవరున్నారొదినా, తొక్కడానికి?"

"ఆవిడక్కడే ఉంది. పోయినా ముల్లులో విషం పోదు. అయినా ఇకమీదట మనం నడవాల్సింది ఇలాగే."

అతను ఎత్తిన కాలు మెల్లగా ఇసుకలో దించి, ఈడ్చుకుంటూ ఆమె దాకా వచ్చాడు. బిళ్ళను అతని కాలికి మార్చడానికి మంగాయమ్మ నీళ్ళలోనే వంగి రిబ్బను ముడి విప్పసాగింది. గట్టు మీద పలుకుపెట్టె, చేప కోలుకుంటోందనీ, శుక్రవారం తనిఖీకి వల సిద్ధం చేసుకోమనీ చెప్పింది.