అయిదో నిమిషంలో వచ్చే పేరు

రామబ్రహ్మంగారికి పదకొండు విదేశీ భాషలు వచ్చు. నవ్వకండి. జర్మన్, ఫ్రెంచి, రష్యన్, జపానీ... లెక్కపెట్టడానికి చేతివేళ్ళు చాలక ఒక కాలివేలు కూడా అరువు తెచ్చుకోవాలి. పందొమ్మిది వందల తొంభైతొమ్మిది మార్చిలో, మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల మేడ తెరిచి నాలుగు నెలలైన రోజుల్లో, అక్కడి ప్రతి కంప్యూటర్ ఉద్యోగీ ఏదో ఒక పరాయి భాష నాలుగు ముక్కలు పట్టేసి విమానం ఎక్కేద్దామని చూస్తున్నవాడే. ఒకడికి జపానీ వచ్చిందంటే పక్క సీటువాడికి కడుపులో మంట. అలాంటిచోట పదకొండు భాషల మనిషి ఎస్టీడీ బూత్ పైన చిన్న గదిలో ప్రైవేట్ డిటెక్టివ్ అని బోర్డు కట్టుకుని కూర్చున్నాడంటే, ఆయన గొప్పతనం మీరే ఊహించుకోండి.

ఊహించుకోవడంలో పుల్లయ్యని మించినవాడు లేడు. పాతికేళ్ళు పోస్ట్‌మన్‌గా బాలానగర్ వీధులన్నీ తిరిగినవాడు. రామబ్రహ్మంగారు పోస్టల్ సూపరింటెండెంటుగా రిటైరై ఈ పని మొదలుపెడితే, తనూ ఉద్యోగానికి నమస్కారం పెట్టి స్కూటరుతో సహా వచ్చి చేరాడు. ఆయన దగ్గితే కూడా అందులో ఏదో అర్థం ఉందనుకునే రకం.

సోమవారం ఉదయం పదకొండింటికి ఒకమ్మాయి మెట్లెక్కి వచ్చింది. ఇరవయ్యారేళ్ళుంటాయి. కుర్చీ చూపించినా కూర్చోలేదు. బ్యాగులోంచి ఒక క్యాసెట్ తీసి బల్లమీద పెట్టింది.

“నా పేరు కావ్య సార్. మాది కడప. ఇక్కడ సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. దీంట్లో నా గొంతు ఉన్నింది. ఇప్పుడు లేదు.”

విషయం ఇది. ఆమె కంపెనీకి పనులిచ్చే జర్మన్లు తమ ఊరికొచ్చి ఉండి రెండు వైపులా మాట కలపడానికి ఒక మనిషి కావాలన్నారు. జర్మన్ నేర్చిన ఇద్దరు, కావ్య, జశ్వంత్, చెరొక పదిహేను నిమిషాలు జర్మన్‌లో మాట్లాడి క్యాసెట్ పంపాలి. మంగళవారం సాయంత్రం అయిదింటికి కొరియర్ వెళ్ళిపోతుంది. కావ్య శనివారం ఆఫీసులో రికార్డు చేసి, మొత్తం ఒకసారి విని, ఎవరూ దాని మీద మళ్ళీ రికార్డు చేయకుండా క్యాసెట్ వెనకంచున ఉండే ప్లాస్టిక్ ముక్క విరిచేసి బ్యాగులో పెట్టుకుంది. ఇవాళ ఉదయం పెట్టి చూస్తే మొదటి రెండు నిమిషాలే ఉన్నాయి. తర్వాత అంతా బుస్సుమనే చప్పుడు.

“మల్లొకసారి మాట్లాడి నింపుతే అయిపాయె గదమ్మా,” అన్నాడు పుల్లయ్య. “గింతదానికి పరేషాన్ ఎందుకు?”

కావ్య అప్పుడు కూర్చుంది. “పొద్దున్నించి మూడుసార్లు కూచున్నా. నోరు పెగల్లేదు. ఈ బ్యాగు ముగ్గురి దగ్గరే ఉన్నింది సార్. శనివారం సాయంత్రం నేను మీటింగుకు పోయినప్పుడు జశ్వంత్ పక్కన గంటసేపు. ఆదివారం పొద్దున క్లాసులో మా జర్మన్ మాష్టారింట్లో. తక్కిన టైమంతా మా ఇంట్లో.” బ్యాగు ఒళ్ళోకి లాక్కుంది. “మా ఆయనకు నేను జర్మన్ మాట్లాడితే గిట్టదు. ఆయనే చేసింటే నేను పోను సార్. ఉద్యోగానికీ పోను, ఆ ఇంటికీ పోను. అది తెలియకుండా నేను గుటెన్ టాగ్ అని నమస్కారం కూడా చెప్పలేను.”

రామబ్రహ్మంగారు క్యాసెట్‌ని కిటికీ వెలుతురులో తిప్పారు. ముక్క విరిచిన కంతలో తెల్లకాగితం నాలుగు మడతలు పెట్టి అతికించి ఉంది. ఆయన గోటితో దాన్ని ఊడదీశారు. పుల్లయ్య తొంగి చూశాడు. ఒక అంచు వరసగా చీమలు కొరికినట్టు అరవంకరలుగా ఉంది. వెనక ఎండిపోయిన జిగురు. ఆయన దాన్ని కళ్ళజోడు డబ్బాలో దాచుకున్నారు. తర్వాత చెవులకి వాక్‌మన్ తగిలించుకుని, కావ్య గొంతు ఆగిపోయే చోటు ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు విన్నారు. పుల్లయ్యకి ఒళ్ళు మండింది. ఇద్దరూ కలిసి వినాల్సింది ఒక్కరే వింటారేంటని. చివరికి అతని వంతూ వచ్చింది. టక్కుమని మీట నొక్కిన చప్పుడు, వెంటనే సన్నగా ఏదో కిర్రుమన్న మోత, ఆపైన బుస్సు.

“నూనె లేని తలుపు సార్,” అన్నాడు.

“అయ్యుండొచ్చు,” అన్నారు రామబ్రహ్మంగారు. ఆయన అలా అన్నారంటే కాదని అర్థం.

జశ్వంత్ అమలాపురం కుర్రాడు. అద్దాల మేడ ముందు టీ బండి దగ్గర దొరికాడు. దాపరికం లేదు.

“కుళ్ళుకున్నానండి. కుళ్ళుకోనా? ఇద్దరం ఒకేరోజు క్లాసులో చేరాం. నేను ఇంకా దారి అడగడం దగ్గరే ఉన్నాను, ఆవిడ జర్మన్లతో జోకులేస్తోంది. జనవరిలో వాళ్ళు ఆఫీసుకొచ్చినప్పుడు చూడాల్సిందండీ! మాష్టార్ని కూడా పిలిచాం. పాపం కోటు వేసుకుని వచ్చారు. కావ్య చుట్టూ మూగి వాళ్ళు నవ్వుతూనే ఉన్నారు. మాష్టారు పావుగంటలో వెళ్ళిపోయారు.”

“మీరు ఉత్తరాలు రాస్తారా?”

“ఉత్తరాలా? ఈమెయిలొచ్చాక తపాలా బిళ్ళ మొహం చూసి రెండేళ్ళయిందండి.”

చందానగర్ బజారులో కావ్య భర్త మధుసూదన్‌ది ప్లాట్లు అమ్మే ఆఫీసు. భార్య తనని అనుమానిస్తోందని వినగానే అతని మొహం నల్లబడింది.

“ఆ టేపు నేను విన్నా. ఆదివారం పొద్దున, ఆమె స్నానానికి పోయినప్పుడు. పదిహేను నిమిషాలూ విన్నా. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మధ్యలో ఒకసారి నవ్వింది సార్. నాతో అట్లా నవ్వి ఎన్నాళ్ళయిందో! ఆ మాష్టారి పేరు మాత్రం తెలిసింది, అయిదో నిమిషంలో. నా పేరుందేమోనని చివరిదాకా చెవులు రిక్కించుకోని కూచున్నా. లేదు. మొగుని పేరు లేదు, మాష్టారి పేరుంది! మంట పుట్టదా సార్? పుట్టింది. టేపు తీసి బ్యాగులో పెట్టేసినా. అంతే.”

బయటికి రాగానే పుల్లయ్య స్కూటరు స్టాండు తీయకుండానే తీర్పు చెప్పేశాడు. “గీయనే సార్. గింత కుళ్ళు నేనేడ సూడలే. ఇగ మీకు జర్మన్ వస్తది గద, ఆ రెండు నిమిషాలల్ల ఆమె ఏమన్నదో చెప్పున్రి.”

“నాకు జర్మన్‌లో ఒక్క ముక్క వచ్చు పుల్లయ్యా. ‘జాగ్రత్త, పగులుతుంది.’ పార్సిళ్ళ మీద ముద్ర ఉండేదిగా. అదే ముక్క ఇంకో పది భాషల్లో వచ్చు.”

పుల్లయ్య నోరు తెరిచాడు. మీరూ తెరవొచ్చు. నేను మొదట్లో చెప్పింది అబద్ధమేం కాదు, కాస్త సాగదీశానంతే. పదకొండు భాషల్లో ఒకే ముక్క వచ్చినా పదకొండు వచ్చినట్టే కదా!

“మాటలు తెలిసినవాడు మాటలు వింటాడు,” అన్నారు రామబ్రహ్మంగారు. “నాకు అవి తెలియవు గనక మిగతావన్నీ విన్నాను. పద, మాష్టారింటికి.”

నరసింహమూర్తి మాష్టారు ముప్ఫయ్యొక్కేళ్ళు కాలేజీలో జర్మన్ చెప్పి రిటైరయ్యారు. ఆ దేశం గడప ఎన్నడూ తొక్కలేదు. ముందుగదిలో బల్ల, బల్లమీద పెద్ద టేప్ రికార్డరు, కిటికీలో పంజరం, పంజరంలో జామకాయ కొరుకుతున్న చిలక. అలమరలో జర్మనీ రేడియోవాళ్ళు రాసిన ఉత్తరాలు ఏళ్ళవారీగా కట్టలు కట్టి ఉన్నాయి.

“ఈయన వారం వారం వాళ్ళకి రాస్తారు,” అంది ఆయన భార్య రాజరాజేశ్వరమ్మ, కాఫీ ఇస్తూ. “బిళ్ళలు షీట్లకి షీట్లే తెప్పిస్తారు. ప్రోగ్రాం ఎలా ఉందో రాస్తే వాళ్ళు క్యాలెండరు పంపిస్తారండీ.”

“చిలక మాట్లాడుతుందామ్మా?” అడిగారు రామబ్రహ్మంగారు.

“పాఠం మొదలయ్యేటప్పుడు...”

“దాని ఇష్టం దానిది,” అని మాష్టారు మధ్యలో అందుకున్నారు. “కావ్య టేపు సంగతా? విన్నాను. పాపం. నిన్న క్లాసయ్యాక కావ్య, జశ్వంత్ ఇద్దరూ లోపల భోంచేశారు. నేను ముందే తినేశాను. ఈ గదిలోకి ఇంకెవరూ రాలేదు.”

“ఆవిడ జర్మన్ ఎలా ఉంటుందండి?”

“బావుంటుంది.” మాష్టారు కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నారు. చాలాసేపు తుడిచారు. “చాలా బావుంటుంది.”

మంగళవారం ఉదయం పది గంటలకి రామబ్రహ్మంగారు అందరినీ అదే గదిలో కూర్చోబెట్టారు. కావ్య ఒక మూల, మధుసూదన్ ఇంకో మూల. ఇద్దరి మధ్య జశ్వంత్, ఎటు చూడాలో తెలియక చిలకని చూస్తూ. పుల్లయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఎవరైనా పారిపోతారేమోనని అతని ఆశ.

“ముగ్గురికీ కడుపుమంట ఉంది,” అని మొదలుపెట్టారు రామబ్రహ్మంగారు. “మంటని బట్టి వెతికితే ముగ్గురూ దొంగలే. అందుకని వస్తువుల్ని వెతికాను. ముందు ఈ కాగితం.” కళ్ళజోడు డబ్బాలోంచి ఆ తెల్లముక్క తీశారు. “విరిచిన కంత మూస్తే తప్ప టేపు చెరిపెయ్యడం కుదరదు. దేంతో మూశారు? తపాలా బిళ్ళల షీటు చుట్టూ ఖాళీ అంచు ఉంటుంది చూడండి, జిగురుతో. నా వయసువాళ్ళం దాన్ని పారెయ్యం. చిరిగిన కవర్లకీ పుస్తకాలకీ అతికిస్తాం. నేను ముప్ఫై నాలుగేళ్ళు పోస్టాఫీసులో బతికాను, ఈ చిల్లుల వరస నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? జశ్వంత్ బిళ్ళ చూసి రెండేళ్ళయింది.”

“మరి నేను?” అన్నాడు మధుసూదన్.

“మీరు అయిదో నిమిషంలో ఒక పేరు విన్నారు. ఆ టేపు మొత్తం విన్నవాళ్ళు కావ్యగారు కాక మీరొక్కరే. శనివారం జశ్వంత్ చెరిపేసి ఉంటే మీకు ఆదివారం ఆ పేరు వినిపించదు. మీకు మంట పుట్టిందే ఆ పేరు దగ్గర. చెరిపితే దాన్ని చెరుపుతారు. ఇక్కడ చెరిపిన మనిషి రెండో నిమిషం దగ్గరే ఆగిపోయాడు. ఆ పైన వినలేకపోయాడు.”

ఆయన జేబులోంచి కొత్త క్యాసెట్ తీసి మాష్టారి టేప్ రికార్డరులో పెట్టారు. రికార్డు మీట నొక్కారు. టక్కుమంది.

“బిట్టె!” అంది చిలక, నూనె లేని తలుపులా. “బిట్టె! బిట్టె!”

“బిట్టె అంటే ‘కానివ్వండి’,” అంది కావ్య నెమ్మదిగా. “మాష్టారు మా గొంతు రికార్డు చేసే ముందు మీట నొక్కి ఎప్పుడూ అనే మాట.”

రామబ్రహ్మంగారు ఇప్పుడు కావ్య క్యాసెట్ పెట్టి చప్పుడు పూర్తిగా పెంచారు. కావ్య గొంతు. టక్కు. కిర్రుమని అదే “బిట్టె.” ఆ తర్వాత బుస్సు. 

రాజరాజేశ్వరమ్మ ఖాళీ కాఫీ గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మాష్టారు తలెత్తలేదు.

“ముప్ఫయ్యొక్కేళ్ళు చెప్పానమ్మా,” అన్నారు. “నాతో ఒక్క జర్మన్ వాడూ మాట్లాడలేదు. జనవరిలో మీ ఆఫీసుకి వస్తుంటే వారం రోజులు అద్దం ముందు నిలబడి వాక్యాలు కూర్చుకున్నాను. చెప్పాను. వాళ్ళు చక్కగా నవ్వి, నాకు ఇంగ్లీషులో జవాబిచ్చారు. అటు తిరిగి నీకు జర్మన్‌లో ఇచ్చారు. నేను నేర్పిన నీకు!”

కావ్య లేచి ఆయన ముందుకొచ్చింది. “అయిదో నిమిషంలో వచ్చే పేరు ఎవరిదనుకున్నారు సార్? ‘నాకు ఈ భాష ఇచ్చింది నరసింహమూర్తిగారు. ఆయన మీ దేశం చూడలేదు, ఆయన కళ్ళతోనే నేను చూసినా’ అని చెప్పినా. ఇంకో మూడు నిమిషాలు వినింటే మీకే వినపడేది.”

మాష్టారు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

మధుసూదన్ ఉండబట్టలేకపోయాడు. “ఆయన పేరు చెప్తివి సరే. నా పేరేదీ?”

“నేనెప్పుడన్నా నిన్ను పేరు పెట్టి పిలిచినానా?” అంది కావ్య, నిన్నటి నుంచి మొదటిసారి అతని వైపు తిరిగి. “మా అమ్మ మా నాయన పేరు ఎత్తిందా? జర్మన్‌లో కూడా ‘మా ఆయన’ అనే అన్నా. నాలుగుసార్లు. నవ్విందీ అక్కడే. నా పాఠం వింటా నిద్రపోతావని చెప్పి.”

మధుసూదన్ చెవులు ఎర్రబడ్డాయి. పుల్లయ్య గుమ్మం వదిలి పక్కకి జరిగాడు. ఇక పారిపోయేవాళ్ళెవరూ లేరు.

కావ్య బల్లముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. “అయిదింటికి కొరియర్. మీట నొక్కండి సార్.”

“నేనా?”

“మీరే. ఎప్పుడూ మీరే కదా నొక్కేది.”

మాష్టారు మీట నొక్కారు. టక్కు. చిలక తన పని చేసింది. కావ్య మాట్లాడింది. పుల్లయ్యకి ఒక్క ముక్క తెలియదు గనక గడియారం చూస్తూ కూర్చున్నాడు. మూడు నిమిషాలు. నాలుగు. అయిదో నిమిషం రాగానే ఆమె ఆగింది. టేపు తిరుగుతూనే ఉంది. మాష్టారు మీట మీద నుంచి చెయ్యి తియ్యకుండా నేలకేసి చూస్తున్నారు. 

అప్పుడు ఆ పేరు వచ్చింది. మొదటిసారి ఎలా చెప్పిందో మనకి తెలియదు. ఈసారి మాత్రం ఆయన వైపు తిరిగి చెప్పింది.

మే నెలలో ఆమె జర్మనీ వెళ్ళింది. మధుసూదన్ చందానగర్‌లో ప్లాట్లు అమ్ముతూనే, ఆదివారాలు మాష్టారి దగ్గర జర్మన్ క్లాసులో చేరాడు. జశ్వంత్ ఇంకా దారి అడగడం దగ్గరే ఉన్నాడని విన్నాను.

ఇక నా తప్పు ఒప్పేసుకుంటాను. ఇదంతా పుల్లయ్య నాకు చెప్పిందే. నేను కల్పించింది ఒక్కటే. చిలక.

ఆ ఇంట్లో చిలక లేదు. పంజరమూ లేదు. టేపులో మీట చప్పుడు తర్వాత వినిపించింది మాష్టారి గొంతే. టేపు చెరిగిపోతూ ఉంటే ఆయన, తన మాట కూడా అందులో పడుతుందని మరిచిపోయి, చెరపకముందు తను విన్న కావ్య చివరి వాక్యాన్ని గుసగుసగా పలికి చూసుకున్నారు. ఒకసారి, మళ్ళీ ఒకసారి, మూడోసారి. ఆమె పలికినట్టే పలకాలని. ఆ గొంతు ఎవరిదో తెలుసుకోవడానికి జర్మన్ రానక్కర్లేదు. రామబ్రహ్మంగారు దాన్ని ఆ గదిలో అందరికీ వినిపించారు.

నాకు మాత్రం మీ అందరి ముందూ వినిపించడానికి మనసొప్పలేదు. చిలకైతే సిగ్గుపడదు కదా.