తిరగలి పిడిలో చివరి పొర

వస్తువుల్లోని చేతి నేర్పుని చదివే కాంతిముల్లు చల్లబడేదాకా ఆగి, మంగతాయారు దాని కింది పళ్ళెంలోంచి నాగలి మేడిని రెండు చేతులా ఎత్తింది. ఒక మనిషి అరచెయ్యి ఏళ్ళ తరబడి ఒరుసుకుని చేసిన నునుపు పల్లం పొద్దున దాని మీద కనపడింది. ఇప్పుడు లేదు. అప్పుడే చిత్రిక పట్టిన కర్రలా ఉంది. శాల లెక్కలు చూసే యంత్రం, నిర్వాహిణి, దాని పేరు పక్కన 'రిక్తం' అని చేర్చి, సాయంత్రం చెత్తబండికి కేటాయించింది. ఆ చేతి నేర్పు ఈపాటికి పక్క హాల్లో ఎవరిదో కలుపు తీసే యంత్రంలో స్థిరపడి ఉంటుంది.

కొత్త గొమ్ముపాలెంలో ఆ భవనం మొదట ముంపు ప్రదర్శనశాల. జలాశయం నిండి పాత ఊళ్ళు నీళ్ళ కిందికి పోయినప్పుడు, జనం తలా ఒక వస్తువు తెచ్చి అక్కడ పెట్టారు. కింద ఒక గ్రంథాలయం కూడా ఉండేది. కొన్నాళ్ళకి చూసేవాళ్ళు తగ్గారు, చదివేవాళ్ళు మానేశారు. తలుపులు తీసినా మూసినా ఒకటే అయింది. అప్పుడు దాన్ని ఉపాధిశాల చేశారు. పుస్తకాల బీరువాలు ఉన్నచోట పనిబల్లలు వచ్చాయి. కాలనీలో సొంతంగా ఏదైనా మొదలుపెట్టాలనుకునే వాళ్ళందరికీ ఔత్సాహికులన్న పేరూ, ఒక బల్లా దొరికాయి. అప్పటిదాకా ప్రదర్శనశాలకి కాపలా ఉన్న మంగతాయారు అందుకు సంతోషించింది. గబ్బిలాలకి కాపలా కాయడం కన్నా ఇది నయం. స్పర్శపాఠం నేర్చుకుని, వస్తువుల్లోని చేతుల్ని చదివి ఔత్సాహికుల యంత్రాలకి అందించే పనిలో కుదురుకుంది.

తరవాతి పాఠం తిరగలిది. అడిగింది పావని. భర్త పోయాక కాలనీ ఆడవాళ్ళని కొందరిని కూడగట్టుకుని చోళ్ళు, అంటే రాగులు, విసిరే పిండిమర పెట్టిన మనిషి. మర తిరుగుడు ఒకటే వేగం కావడంతో పిండి వేడెక్కి కమురు వాసన వేస్తోంది. కొన్నవాళ్ళు తిరిగి పంపేస్తున్నారు. మనిషి చెయ్యి విసిరినట్టు ఆగి, సాగి, నెమ్మదించే తిరుగుడు కావాలి. అది ఆ పిడిలో ఉంది. ఒక్కో పాఠానికి వస్తువులోంచి ఒక్కో పొర పోతుంది. అంతకు ముందు ఇద్దరు ఔత్సాహికులు చదివించుకోగా మిగిలింది ఒక్క పొర.

తిరగలి దగ్గర పోలమ్మ కూర్చుని ఉంది. అది ఆమె ఇచ్చిన తిరగలే. వారానికోసారి వచ్చి, పిడి మీద చెయ్యి వేసుకుని కాసేపు కూర్చుని వెళ్ళిపోతుంది. నిర్వాహిణి ఆ రాకని నిష్ఫల సందర్శనల్లో లెక్కేస్తుంది. మంగతాయారు ఆమెని పక్కకి జరగమని, ఇద్దరు మనుషుల సాయంతో తిరగలిని ముల్లు కిందికి చేర్పించింది.

ముల్లు పిడిని తాకకుండా ఒకసారి చుట్టూ తిరిగింది. తెర మీద ఒక గీత రావాలి. రెండు వచ్చాయి. ఒకటి వెడల్పుగా, నిదానంగా, చక్కటి వలయం. రెండోది సన్నగా, దాన్ని పట్టుకుని వేలాడుతున్నట్టు. ఒకచోట ముందే లాగుతుంది, ఒకచోట బరువు పడేస్తుంది, ఒకచోట అసలు ఉండదు. నిర్వాహిణి దాన్ని మలినగతిగా గుర్తించింది. పొర ఎత్తేటప్పుడు తొలగించడానికి అనుమతి అడిగింది.

మంగతాయారు అనుమతి ఇవ్వలేదు. పోలమ్మని పిలిచి, నీతో కలిసి ఎవరు విసిరేవారని అడిగింది.

"నా కూతురమ్మా. సీతాలు," అంది పోలమ్మ. "ఎదురుగా కూచునేది. అది తిప్పిందెక్కడ, యేలాడేది. పిల్లనీ రాయినీ కలిపి నేనే తిప్పేదాన్ని."

కాలనీకి వచ్చిన మొదటి ఎండాకాలం, రేకుల ఇళ్ళలో జ్వరాలు వచ్చినప్పుడు సీతాలు పోయింది. ఆ సంగతి పోలమ్మ చెప్పలేదు. మంగతాయారుకి తెలుసు, ఆ ఎండాకాలం కాలనీలో చాలా ఇళ్ళలో జరిగిందే.

ముల్లు ఎత్తిన పొర ఒక్కసారే కదులుతుంది. యంత్రంలోకి పంపితే అక్కడ స్థిరపడిపోతుంది. పరీక్ష కోసం ఉంచిన ఉక్కుచెయ్యి, ప్రతిహస్తంలోకి పంపితే, కదిలినంతసేపు కదిలి ఆరిపోతుంది. రెండో గీతని అలాగే ఉంచి మరలోకి పంపుదామంటే మర బిగుసుకుపోతుంది, తీసేస్తే పిల్ల చెయ్యి మిగలదు. మంగతాయారు ఇవన్నీ పావనికి ఉన్నదున్నట్టు చెప్పింది. పొరని పోలమ్మకి వదిలెయ్యమని మాత్రం అడగలేదు.

పావని తెర వంక చాలాసేపు చూసింది. "నేను ఎండలప్పట్నించీ వరసలో ఉన్నానండి," అంది. "నన్ను నమ్ముకుని ఆడాళ్ళున్నారు. వాళ్ళకేం చెప్పను?"

"నిజమేనమ్మా," అంది మంగతాయారు.

పావని బయటికి వెళ్ళిపోయింది. మెట్ల మీద నిలబడి ఉండటం అద్దంలోంచి కనపడుతూనే ఉంది. ఈలోగా మంగతాయారు పోలమ్మ పక్కన కూర్చుని మిగతాది చెప్పింది. ఎవరి కోసం చదివినా ఆ పిడి కొత్త కర్ర అయిపోతుందనీ, ఆ తరవాత తడిమినా చేతికి ఏమీ తగలదనీ చెప్పింది. పోలమ్మ పిడి మీద చెయ్యి తీయకుండానే తల ఊపింది.

పావని తిరిగి వచ్చి పోలమ్మ ముందు గొంతుక్కూర్చుంది.

"అప్పటికి పిల్లకి ఎన్నేళ్ళు మామ్మా?"

"ఏళ్ళు ఎవరు లెక్కెట్టారమ్మా. పాలపళ్ళు ఊడతన్నాయి."

పావని లేచి, తన వంతు వదులుకుంటున్నట్టు అద్దపు పలక మీద బొటనవేలి ముద్ర వేసింది. "కానిచ్చెయ్యండి," అని గోడవైపు తిరిగి నిలబడింది.

మంగతాయారు నిర్వాహిణి సూచనని తలకిందులు చేసింది. నిదానమైన వలయాన్ని మలినంగా చూపించి, సన్నటి గీతతోనే పొర ఎత్తించింది. ప్రతిహస్తాన్ని తిరగలికి అటువైపు, పిల్ల ఎత్తులో బిగించింది. పోలమ్మ నేల మీద కాలు చాపుకుని, పాత పద్ధతిలో పిడి పట్టుకుంది. రబ్బరు తొడిగిన ఉక్కు వేళ్ళు ఆమె చేతి కింద పిడిని పట్టుకున్నాయి.

కాసేపు ఏమీ జరగలేదు. తరవాత పిడి అటువైపు చిన్నగా లాగింది. పోలమ్మ ఒళ్ళు దానంతటదే ముందుకి వంగింది. రాయి తిరిగింది. అటువైపు చెయ్యి తొందరపడింది, ఆగింది, ఉన్నట్టుండి బరువంతా పడేసింది. పోలమ్మ మోచెయ్యి బిగించి ఆ బరువుని కూడా రాయితోపాటు తిప్పుకొచ్చింది. ఎవరూ నేర్పకుండానే, ఎక్కడ బరువు పడుతుందో ఆమెకి ముందే తెలుస్తోంది. "నిదానం," అంది ఒకసారి. "నిదానం తల్లీ." ఉత్తి రాళ్ళు ఒకదాని మీద ఒకటి గరగరలాడాయి. పావని గోడవైపే చూస్తూ ఉండిపోయింది.

ఒక తిరుగుడు మధ్యలో అటువైపు చెయ్యి వదిలేసింది. పోలమ్మ ఇంకో చుట్టు ఒక్కతే తిప్పి, ఆపింది.

"మళ్ళీ వస్తదా?"

"రాదు మామ్మా."

పోలమ్మ పిడిని తడిమి చూసుకుంది. కొత్త కర్ర. ఒళ్ళో పిండి పడ్డట్టు చీర దులుపుకుని లేచింది. గుమ్మం దాటేటప్పుడు పావని తల మీద చెయ్యి పెట్టి వెళ్ళిపోయింది.

నిర్వాహిణి ఆ పాఠానికి ఉత్పత్తి పేరు అడిగింది. మంగతాయారు ఆ గడి ఖాళీగా వదిలింది. ఉత్పత్తి లేని పాఠం ముగియదు. ముగియనిదే తరవాతిది మొదలవదు. వరసలో ఉన్న పాఠాలన్నీ నిలిచిపోయాయి. వాటి కోసం చూస్తున్న మరలు, మగ్గాలు హాల్లో ఒక్కొక్కటే ఊరుకున్నాయి. బల్లల దగ్గరివాళ్ళు లేచి నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జిల్లా కేంద్రం నుంచి పర్యవేక్షకుడు మాట్లాడాడు.

"ఏం తయారైందని వేసుకోమంటారు?"

"ఏమీ తయారవలేదండి."

"మరి పొర ఏమైంది?"

"వాళ్ళమ్మకి ఇచ్చేశానండి."

అతను కోప్పడలేదు. దీన్ని ఏ పద్దు కింద చూపాలో పైవాళ్ళని అడుగుతానన్నాడు.

మర్నాడు ఆమె వచ్చేసరికి మెట్ల నిండా జనం. పాత ఊళ్ళవాళ్ళు. పోలమ్మ ఎవరికి ఏం చెప్పిందో గాని, వాళ్ళు గొడవ చెయ్యడం లేదు. ఆసుపత్రి బయట కూర్చున్నట్టు కూర్చున్నారు. ఒకామె అత్తగారి రోకలి గురించి అడిగింది. ఒకాయన తండ్రి ఉలి గురించి. పడవ నడిపిన ముసలాయన ఒకడు కర్ర ఊతంగా లేచాడు. "మా అన్న తెడ్డు ఉందా అమ్మా ఇంకా?" అన్నాడు.

ఆ తెడ్డు చదివింది మంగతాయారే. రోకలి కూడా. ఉలికి ఇంకా ఒక పొర ఉంది. వాళ్ళు అడగబోయే వస్తువుల్లో చాలామటుకు ఆమె చేతుల మీదుగానే ఖాళీ అయి బండెక్కాయి. పొర మిగిలి ఉన్నవాళ్ళకి ముందు చెప్పాలో, లేనివాళ్ళకి ముందు చెప్పాలో ఆమెకి తేలలేదు. తలుపులు రెండూ బార్లా తీసి, ముసలాయన పక్కకి వచ్చి మెట్టు మీద కూర్చుంది.

"కూచో బాబాయ్," అంది. "చెబుతాను."