హారన్ మోగని బండి

విశాఖలో రాడార్ సైంటిస్ట్ కామరాజును చంపినవాళ్ళు ఇల్లు వెతుక్కోలేదు. నిఘా ఏజెన్సీ అతన్ని దాచిన ఫ్లాట్‌కి సరాసరి వచ్చి, పని ముగించుకుని వెళ్ళిపోయారు. ఆ ఇంట్లో ఫోన్ కూడా లేదు. పక్క ఫ్లాట్‌లో పిల్లలు మాత్రం ఫోన్లో 'డుర్ర్ బండి' గేమ్ ఆడుకుంటున్నారు.

మర్నాడు ఏజెంట్ సైలస్ చేతిసంచీతో సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో ఒక కొట్టు ముందు ఆగాడు.

"ఉల్లిగడ్డలు కొత్తయా?"

"కన్నీళ్ళైతే కొత్తయే," అన్నాడు కొట్టువాడు. బస్తాల వెనక తలుపు తెరుచుకుంది.

లోపల చీఫ్ కల్పలత ముందున్న స్క్రీన్ మీద బొద్దుగా ఉన్న కార్టూన్ ఆటో ఒకటి రేసులో దూసుకుపోతోంది.

"ఈ 'డుర్ర్ బండి' గేమ్ చేసింది మన మారేడ్‌పల్లి స్టూడియో. సర్వర్ విదేశీ ముఠాది. వాళ్ళ మనిషి మూడుసార్లు సిగ్నల్ ఇస్తే, గేమ్ ఉన్న ప్రతి ఫోన్ మైక్ తెరుచుకుని ఒక గొంతు కోసం వింటది. కామరాజు అట్లనే దొరికిండు. ఇయ్యాల మారేడ్‌పల్లిల మనం దాచిన ఇంకో సైంటిస్ట్, దేవానందం గారి వంతు."

సైలస్‌కి భయమేసింది. దేవానందం గారు సండే స్కూల్లో తనకు పాటలు నేర్పిన మనిషి.

"పాడొద్దని చెప్పండి మేడమ్. ఆయన సాయంత్రం కీర్తన ఎత్తుకుంటే గల్లీ అంతా వినబడుద్ది."

"చెప్పిన. సరే అన్నడు. నీకు నమ్మకముందా?"

లేదు.

"ఇల్లు మార్చనీకి లేదు. మారేడ్‌పల్లిల వాళ్ళ మనుషులు తిరుగుతున్నరు. సిగ్నల్ ఇయ్యాల సాయంత్రం ఈ గేమ్ టోర్నమెంట్‌లనే ఇస్తరట. ఎట్లనో పట్టుకో."

సాయంత్రం టోర్నమెంట్ హాల్లోకి సైలస్ విగ్గుతో, కెమెరా కళ్ళజోడుతో, గేమ్ క్రిటిక్ వేషంలో అడుగుపెట్టాడు. ముందు వరసలో ఎర్ర చీరలో యోగిత. పేరుమోసిన క్రిటిక్, ఏజెన్సీ ఇన్‌ఫార్మర్.

"ప్రపంచమంతా పదికి తొమ్మిది తగ్గకుండా మార్కులేసింది," నవ్వింది యోగిత. "గ్రాఫిక్స్ సూపర్. వంక పెట్టడానికేం లేదు."

సైలస్ ఫోన్లో రివ్యూలన్నీ తిరగేశాడు. అన్నీ పొగడ్తలే. అడుగున ఒకే ఒక్క సింగిల్ స్టార్. రాసింది కాప్రా కిషన్ అట: "హారన్ బటన్ ఉన్నది. కొడితే మోగది. గిదేం బండి?"

తలెత్తి చూశాడు. యోగిత బొటనవేలు సరిగ్గా ఆ బటన్ మీదే ఉంది. మోగని ఆ హారనే సిగ్నల్. ఇన్‌ఫార్మర్ ఇటు ఏజెన్సీకీ అటు ముఠాకీ పనిచేస్తోందన్నమాట. ఇప్పుడు పట్టుకోబోతే తన చెయ్యి చేరేలోపు సిగ్నల్ పోతుంది. స్టేజీ వెనక్కి పరుగెత్తి, గేమ్ కోడ్ రాసిన అక్సాని పట్టుకున్నాడు.

"హారన్ ఎందుకు మోగదమ్మా?"

"నేను సౌండ్ పెడతా అన్నా సార్. రేసులో హారన్ ఎవరు కొడతారని ఫారినోళ్ళు వద్దన్నారు. ప్రెస్ చేస్తే సిగ్నల్ డైరెక్టుగా వాళ్ళ సర్వర్‌కి పోతది. ఒకేసారి నలుగురు కొడితే ఆ సర్వర్ పడిపోద్ది కూడా."

"సౌండ్ పెట్టు."

"నా జాబ్ పోద్ది సార్!"

"పెట్టకపోతే నాకు పాటలు నేర్పిన పెద్దాయన పోతాడు."

అక్సా ఒక్క క్షణం అతని మొహం చూసి, కీబోర్డు అందుకుంది.

హాల్లో రేసు మొదలైంది. యోగిత వేలు ఒకసారి నొక్కింది. ఆగి, మళ్ళీ నొక్కింది. చెవిలోని ఇయర్‌పీస్‌లో కల్పలత అరుపు: "సైలస్! దేవానందం సార్ పాట షురూ చేసిండు!"

"అప్‌డేట్ వెళ్ళింది సార్," అంది అక్సా.

మూలనెక్కడో ఒక ఫోన్ "పాం!" అంది.

ఇక ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. సికింద్రాబాద్‌లో పుట్టినవాడు హారన్ విని ఊరుకుంటాడా? దారిచ్చినవాడికీ హారనే, ఇవ్వనివాడికీ హారనే. రేసులో అందరికంటే ముందున్నవాడు కూడా ఎదురుగా ఎవరూ లేకపోయినా కొట్టాడు. హాలంతా ట్రాఫిక్ జామైన చౌరస్తాలా హోరెత్తింది.

యోగిత మూడోసారి, ఆఖరిసారి నొక్కింది. స్క్రీన్ మీద 'సర్వర్ అందుబాటులో లేదు' అని వచ్చింది.

వెనకనుంచి సైలస్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వంక ఒకటుంది మేడమ్. మీరే చూసుకోలేదు."

ఇయర్‌పీస్‌లో దేవానందం గారి కీర్తన చివరి చరణం దాకా వినిపించింది. ఎవరూ రాలేదు. సైలస్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కెమెరా మసకబారిందని రిపోర్టులో రాశాడు.

వారం తిరిగేసరికి గేమ్ కొత్త సర్వర్‌కి మారింది. కాప్రా కిషన్ తన రివ్యూ దిద్దుకున్నాడు: "హారన్ మోగుతున్నది. అయిదు స్టార్లు. బ్రేక్ బటన్ తీసెయ్యుండ్రి, ఎవ్వడూ వాడుతలేడు."