పక్కకి ఊపిన పచ్చదీపం

ఆమోసుకి ఒక జబ్బుంది. రైలు పోతుంటే కూర్చోలేడు.

కంచం ముందు ముద్ద కలుపుకుంటున్నా సరే, బండి చప్పుడు వినపడిందంటే లేవాల్సిందే, చేతిదీపం పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడాల్సిందే. బాపట్ల అవతల ఒక చిన్న స్టేషన్లో పదకొండేళ్ళు అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా చేసిన మనిషి మరి. అక్కడ మెయిలు ఆగకుండా దూసుకుపోతుంటే స్టేషన్ మాస్టరు పచ్చదీపాన్ని పక్కలకి, ఇటూ అటూ ఊపుతాడు. అంతా బాగుంది, వెళ్ళండి అని. చివరిపెట్టెలోంచి గార్డు కూడా అలాగే ఊపుతాడు. ఇక్కడా అంతా బాగుంది అని. ఆ రెండు దీపాలూ ఒకదాన్నొకటి పలకరించుకుంటేనే ఆమోసుకి తిన్న అన్నం ఒంటబట్టేది.

అలాంటివాడు వచ్చి అమెరికాలో, నార్త్ డకోటాలో తేలాడు. భార్య విమలకుమారికి నర్సు ఉద్యోగం దొరికి ముందు ఆమె వచ్చింది, తర్వాత కూతుర్ని చంకనేసుకుని ఇతను వచ్చాడు. దిగిన కొత్తలో నేపర్‌విల్ అనే ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ అక్కడి తెలుగు చర్చిలో మగవాళ్ళంతా "భార్య వీసా మీద దిగిన పెద్దమనిషి" అని వేళాకోళం చేసేవాళ్ళు. అది పడలేకే, కెనడా సరిహద్దు పక్కన ఏదో చిన్న ఊళ్ళో హాస్పిటల్ వాళ్ళు విమలని రమ్మంటున్నారనగానే "ఇంకా ఆలోచిస్తావేంటి, సామాను ప్యాక్ చేయి" అన్నాడు. అదృష్టం చూడండి, ఆ ఊళ్ళో ఒక బ్రాంచి లైనుంది! జంక్షన్ నించి గోధుమ పొలాల్లో పడి వచ్చి, ఊరి చివర నది మీద వంతెన దాటి కెనడాలోకి పోతుంది. వారానికి ఒకటో రెండో గూడ్సు బళ్ళు. స్టేషన్ చూసుకునే వాల్టర్ అనే ముసలాయన రిటైరవుతున్నాడు. ఆ చలిలో, ఆ ఒంటరి కొంపలో కూర్చోవడానికి ఇంకెవరూ ముందుకి రాలేదు. ఆమోసు మాత్రం పెళ్ళికి పిలిచినట్టు పరిగెత్తుకుంటూ వెళ్ళాడు.

వాల్టర్ తాళాలు చేతిలో పెడుతూ ఒక మాట చెప్పాడు.

"ఒకప్పుడు ఈ లైన్లో ప్యాసింజర్ బండి నడిచేది. ఇక్కడ ఊరికే ఆగేది కాదు. ఎక్కేవాళ్ళుంటే మేం దీపం ఊపాలి, అప్పుడే ఆగేది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఒక చలికాలం ఆ వంతెన మీంచి నదిలో పడిపోయింది. ఒక్కరు బతకలేదు. మంచు గట్టిగా పడే సాయంత్రాలు అది ఇంకా వస్తుంది. వస్తే రానీ, పోనీ. నువ్వు లోపల కూర్చో. దీపం మాత్రం బయటికి తేకు."

ఆమోసు మర్యాదకి తలూపి, ఇంటికొచ్చి పడీపడీ నవ్వాడు. "ముసలాడికి చలికి మతిపోయింది విమలా! దెయ్యాలకి రైలంట, దానికి మళ్ళీ స్టాపులంట!"

"నవ్వకండి. పెద్దాయన చెప్పాడు, విని ఊరుకుంటే మీ సొమ్మేం పోయింది?"

"మనకి దేవుడున్నాడే. వాటి సంగతి ఆయన చూసుకుంటాడు."

దెయ్యం సంగతి అటుంచితే, మొదటి వారంలోనే వేరే తంటా వచ్చింది. గూడ్సు వస్తుంటే ఆమోసు మహా ఉత్సాహంగా దీపం ఇటూ అటూ ఊపాడు. బండి కీచుమంటూ ఆగింది. డ్రైవరు దిగొచ్చి అమ్మనా బూతులు తిట్టాడు. అమెరికాలో దీపం పక్కలకి ఊపితే ఆగు అని అర్థమట! వెళ్ళు అనాలంటే పైకీ కిందకీ ఊపాలట! జంక్షన్లో ట్రైనింగప్పుడు చెప్పారు కానీ, బుర్రకెక్కింది చేతికి ఎక్కొద్దూ? ఆ రోజు నించి గూడ్సు వస్తే దీపం ఊపకుండా బిగబట్టుకుని నిలబడేవాడు పాపం.

ఆ ముచ్చట కూతురి దగ్గర తీర్చుకునేవాడు. ప్రేమజ్యోతి ఏడేళ్ళది. పెళ్ళైన తొమ్మిదేళ్ళకి, ఎన్ని ఉపవాస ప్రార్థనలకో పుట్టిన ఒక్కగానొక్క నలుసు. ఒట్టి వాగుడుకాయ. స్కూల్ బస్సు దాన్ని స్టేషన్ దగ్గర దించేది. విమల డ్యూటీ దిగి వచ్చి కార్లో ఇంటికి తీసుకుపోయేది. కారు కదలగానే ఆమోసు ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఇండియా నించి తెచ్చుకున్న దీపంలో పచ్చ అద్దం తిప్పి, ఇటూ అటూ ఊపేవాడు. కారు వెనకద్దంలోంచి జ్యోతి తన చిన్న పచ్చ టార్చి అలాగే ఊపేది. అంతా బాగుందా? ఇక్కడా బాగుంది. ఇంత పెద్ద దేశంలో ఆ ఆట తెలిసినవాళ్ళు ఈ తండ్రీకూతుళ్ళిద్దరే. ఆ చిన్న దీపం మలుపు తిరిగేదాకా చూస్తే గానీ అతను లోపలికి పోయేవాడు కాదు. అతని ప్రాణమంతా ఆ టార్చిలో ఉండేది.

ఎనభై ఒకటి జనవరిలో ఒక రోజు మధ్యాహ్నం నించే మంచు మొదలైంది. బస్సు జ్యోతిని దించి వెళ్ళేసరికి ఎదురుగా రోడ్డు కూడా కనపడటం లేదు. జంక్షన్ నించి ఫోను, గూడ్సు క్యాన్సిల్ అని. తర్వాత విమల ఫోను.

"ఏమండీ, రోడ్లు క్లోజ్ చేశారు. మంచు తోసే బండి వస్తోందంట, దాని వెనకాలే డ్రైవ్ చేసుకుని వస్తాను. బిడ్డ జాగ్రత్త."

"నా పక్కనే ఉందిలే. నువ్వు నిదానంగా రా."

అయిదింటికే చీకటి పడిపోయింది. వెయిటింగ్ రూములో పొయ్యి చిటపటలాడుతోంది. జ్యోతి కోటు బొత్తాలన్నీ విప్పేసి, బ్రెడ్డు ముక్కకి ఆవకాయ రాసుకుని తింటూ, నోరు మూయకుండా స్కూలు కబుర్లు చెబుతోంది. బయట గాలి తంతితీగల్ని పట్టుకుని ఒకటే మూలుగు.

ఉన్నట్టుండి జ్యోతి తినడం ఆపింది.

"డాడీ, ట్రెయిన్ వస్తుంది."

"ఇవాళ లేదమ్మా. క్యాన్సిల్ చేశారు."

"బట్ వస్తుంది. నాకు వినపడుతుంది."

ఆమోసు చెవి పెట్టాడు. గాలి. మళ్ళీ గాలి. దాని అడుగున, ఎక్కడో దూరంగా, పట్టాల మీద చక్రాల చప్పుడు... నిజమే. పట్టాల మీద మంచు తోసే ఇంజనేమో, చెప్పకుండా పంపించారేమో అనుకున్నాడు. వాల్టర్ మాట గుర్తుకి రాకపోలేదు. కానీ బండి పోతుంటే లోపల కూర్చున్న స్టేషన్ మాస్టర్ని ఎక్కడైనా చూశారా? దీపం అందుకున్నాడు.

"నువ్విక్కడే కూర్చో తల్లీ. బయటికి రాకు."

తలుపు తీయగానే చలి మొహమ్మీద కొట్టింది. దానితోపాటు ఒక వాసన. బొగ్గు పొగ. చిన్నప్పటి నించీ ఎరిగిన వాసనే. హాయిగా గుండెల నిండా పీల్చుకున్నాడు. పీల్చుకున్నాక గుర్తొచ్చింది, ఈ లైన్లో నడిచేవన్నీ డీజిల్ ఇంజన్లే.

అప్పటికే బండి మంచులోంచి బయటపడింది. ముందు పెద్ద పసుప్పచ్చ దీపం. వెనకాల పెట్టెలు. గూడ్సు పెట్టెలు కావు. కిటికీలు, కిటికీల నిండా వెలుతురు, ఆ వెలుతుర్లో టోపీలు పెట్టుకున్న తలకాయలు. ప్యాసింజర్ బండి! ఎన్నేళ్ళయిందో అలాంటి బండి చూసి. మనిషి ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు, చెయ్యి మాత్రం తన పని తాను చేసేసింది. పదకొండేళ్ళు రోజూ చేసిన పని. పచ్చదీపం లేచింది. ఇటూ... అటూ... ఇటూ... అటూ...

బ్రేకులు పడ్డాయి.

అయ్యో దేవుడా అనుకున్నాడు. చెయ్యి దించేశాడు. లాభం లేదు. పెట్టెలు ఒక్కొక్కటే నెమ్మదించి, ముక్కి, మూలిగి, ఆగాయి. కిటికీల్లో తలకాయలు ఒక్కటి కూడా ఇటు తిరగలేదు. అద్దాలకి లోపలివైపు నించి నీళ్ళు కారుతున్నాయి.

ఎదురుగా ఉన్న పెట్టె తలుపు తెరుచుకుంది. నల్లకోటు మనిషి ఒకడు మెట్టు మీదకి దిగాడు. టిక్కెట్లు చూసేవాడిలా ఉన్నాడు. కోటు అంచుల నించి నీళ్ళు బొట్లుబొట్లుగా పడుతున్నాయి... పడుతున్న నీళ్ళు గడ్డకట్టడం లేదు.

"ఎక్కేది ఎవరు?" అన్నాడు ఇంగ్లీషులో. గుసగుసగా, అలిసిపోయినట్టు.

"ఎవరూ లేరు." ఆమోసు దీపాన్ని వెనక్కి పెట్టుకున్నాడు. "పొరపాటున... పొరపాటున ఊపాను."

"బండి ఆగింది. ఆగితే ఎవరో ఒకరు ఎక్కాలి."

"ఎవరూ లేరండీ. నేనొక్కణ్ణే ఉన్నాను."

నల్లకోటు మనిషి అతని భుజం మీంచి వెనక్కి చూశాడు. వెయిటింగ్ రూము తలుపు కిర్రుమంది.

"డాడీ? హూ ఈజ్ దట్ అంకుల్?"

ఆమోసు గిరుక్కున వెనక్కి తిరిగాడు. "లోపలికి పో! జ్యోతీ, లోపలికి పో! తలుపేసుకో!" పుట్టిన దగ్గర్నించీ దాన్ని ఒక్కసారి కూడా అలా కసరలేదు. చిన్న అడుగులు వినపడ్డాయి. తలుపు దబ్బున మూసుకుంది. మూసుకోవడం కళ్ళారా చూశాడు. హమ్మయ్య అనుకుని ఇటు తిరిగాడు.

మెట్టు మీద ఎవరూ లేరు.

తలుపు తెరిచే ఉంది. బండి ఆగే ఉంది. ఒక్క కీర్తన గుర్తుకి రాలేదు. ఒక్క ప్రార్థన నోటికి రాలేదు. పంపించెయ్యాలి. దీన్ని ఎలాగైనా పంపించెయ్యాలి... ట్రైనింగ్‌లో చెప్పింది గుర్తొచ్చింది. రెండు చేతులతో దీపం పట్టుకున్నాడు. పైకి. కిందకి. పైకి. కిందకి. వెళ్ళు. వెళ్ళిపో. నీకు దండం పెడతాను, వెళ్ళిపో...

బండి కదిలింది.

ఒక్కో పెట్టె కళ్ళముందు నించి వంతెన వైపు జారిపోతోంది. ఆమోసు ఏడుస్తున్నాడు, తనకే తెలియటం లేదు. ఆఖరి పెట్టె దాటింది. దాని వెనక కమ్మీల దగ్గర, బాగా కిందగా, పిల్లల ఎత్తులో, చిన్న పచ్చదీపం ఒకటి ఊగుతోంది. ఇటూ అటూ. ఇటూ అటూ. ఇక్కడా అంతా బాగుంది అని.

అరుస్తూ వెయిటింగ్ రూములోకి పడ్డాడు.

జ్యోతి బెంచీ మీద కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది. కోటు బొత్తాలన్నీ మెడదాకా పెట్టుకుని ఉంది. గభాల్న ఎత్తుకుని గుండెకి అదుముకున్నాడు. బతికించావు తండ్రీ, బతికించావు అని వెక్కివెక్కి ఏడ్చాడు. పిల్ల ఒళ్ళు చల్లగా ఉంది. తలుపు తీసింది కదా, చలేసి ఉంటుంది.

"భయపడ్డావా తల్లీ?"

"లేదు డాడీ."

సగం తిన్న బ్రెడ్డు ముక్క కిందపడి ఉంది. టార్చి మాత్రం ఎంత వెతికినా కనపడలేదు. పట్టాల మీద చూస్తే మంచు పడింది పడినట్టే ఉంది, ఒక్క చక్రం గుర్తు లేదు. అంతా నా భ్రమ అనుకున్నాడు. భ్రమే అయ్యుండాలి. బిడ్డ ఒళ్ళో ఉంది, ఇంకేం కావాలి?

విమల వచ్చాక బండి సంగతి ఆమెకి తెలియకుండా దాచాడు. తర్వాత రోజుల్లో ఒకటి రెండుసార్లు తనే సంతోషంగా అంది, "చూశారా, దీనికి బుద్ధొచ్చింది. అల్లరి లేదు, వాగుడు లేదు. పెట్టింది తింటోంది." ఆవకాయ ఊసెత్తడం లేదని మాత్రం చెప్పింది. "నోరు పుండయిందేమో లెండి" అంది.

ఫిబ్రవరిలో ఆమోసు కొత్త టార్చి కొన్నాడు. అచ్చం పాతదానిలాంటిదే, పచ్చది. సాయంత్రం విమల కారు స్టార్ట్ చేస్తుంటే కూతురి చేతిలో పెట్టాడు. పిల్ల దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"మన ఆట మర్చిపోయావా? బండి బాగుందో లేదో నాకు చెప్పాలిగా!" అని బలవంతాన నవ్వాడు.

కారు కదిలింది. సన్నగా మంచు మొదలైంది. ఆమోసు దీపం ఎత్తి ఇటూ అటూ ఊపాడు. వెనకద్దంలో తెల్లటి చిన్న మొహం అతన్నే చూస్తోంది. టార్చి వెలిగింది. కాసేపు కదల్లేదు. తర్వాత నెమ్మదిగా లేచింది. పైకి. కిందకి. పైకి. కిందకి.

అది దానికి ఎవరూ నేర్పలేదు. కారు మలుపు తిరిగిపోయింది.

ఆమోసు అలాగే నిలబడిపోయాడు. గాలిలో బొగ్గు పొగ వాసన. వెనక్కి తిరిగాడు. దూరంగా, వంతెన మీద, మంచులో... బాగా కిందగా, పిల్లల ఎత్తులో... చిన్న పచ్చదీపం. ఇటూ అటూ. ఇటూ అటూ. జవాబు కోసం ఆగుతోంది, మళ్ళీ ఊగుతోంది.

ఆమోసు చేతిలో దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.