స్టాక్‌లో ఐదో స్విచ్

ఉదయం తొమ్మిదింటికి అల్వాల్ స్టేషన్ ప్లాట్‌ఫారమ్ మీద ఏజెంట్ మునావర్‌ను పొడిచి చంపారు. అతను పంపిన చివరి మెసేజ్ రెండే మాటలు: ఐదో స్విచ్.

"మన శామీర్‌పేట డేటా సెంటర్," అన్నాడు చీఫ్ పట్టాభిరామయ్య. "అక్కడ నాలుగు నెట్‌వర్క్ స్విచ్‌లను కేబుల్స్‌తో కలిపి స్టాక్ చేశాం. ఒకటి మాస్టర్, మిగతావి దాని మాట వింటాయి. నిన్న ఎవరో ఐదోది కలిపారు. దాని ప్రయారిటీ అన్నిటికన్నా ఎక్కువ పెట్టారు."

"అయితే?" అడిగింది ఏజెంట్ ధరణి.

"కరెంటు పోయి వస్తే అన్నీ కలిసి మాస్టర్‌ను ఎన్నుకుంటాయి. దానికి రెండు నిమిషాలు పడుతుంది. ఐదోది గెలిస్తే విదేశాల్లో ఉన్న మన పదకొండు మంది పేర్లు శత్రువు చేతికి పోతాయి. ఇక వాళ్లు బతకరు. ఆలస్యంగా లేచిన స్విచ్‌కు మాత్రం పెత్తనం దక్కదు. ద్రోహి మన లోపలే ఉన్నాడు, అక్కడెవరికీ ఫోన్ చేయకు. వెళ్లు."

జనరేటర్ మెకానిక్ వేషంలో ధరణి సర్వర్ రూమ్‌లో అడుగుపెట్టిందో లేదో, వీపుకు పిస్టల్ తగిలింది. ఖరీదైన సెంటు వాసన. డిపార్ట్‌మెంట్ నెట్‌వర్క్ ఇంజనీర్ అశ్రిత! ట్రైనింగ్‌లో ఒకే కంచంలో తిన్న మనిషి. ధరణికి ఒళ్లు మండిపోయింది.

"గోడకు ఆనుకో. కదిలితే కాలుస్త."

అశ్రిత రిమోట్ నొక్కింది. కరెంటు పోయి, పది సెకన్లలో వచ్చింది.

ఆమె వెనక ర్యాక్‌లో నాలుగు స్విచ్‌లు వెలిగాయి. ఐదోది వెలగలేదు. దాని మీద కుంకుమ బొట్టు, కింద ఊడిన ప్లగ్గు. రెండు నిమిషాలు అశ్రిత వెనక్కి చూడకూడదు.

"మునావర్‌ను నువ్వే పట్టిచ్చినవా?"

"అవ్. ఏంది, ఏడుస్తవా?"

"మీ నాయిన దవాఖాన్ల ఉంటే రక్తమిచ్చిండు గదనే వాడు! సిగ్గులేదా?"

"నోర్ముయ్!"

"ముయ్య! పని అయిపోతే వాళ్లే నిన్ను కుక్కను చంపినట్టు చంపుతరు."

అశ్రిత నోటికొచ్చినట్టు తిట్టింది. ధరణి అంతకు రెట్టింపు తిట్టింది. నిమిషం యాభై సెకన్ల దగ్గర అశ్రిత వెనక్కి చూసింది. కెవ్వున అరిచి ప్లగ్గు మీదికి దూకింది. ధరణి ఆమె జడ దొరకబుచ్చుకుంది. పిస్టల్ పేలి తూటా గోడలోకి దూసుకెళ్లింది. పది సెకన్లు ఇద్దరూ నేల మీద దొర్లారు. మొదటి స్విచ్ మీద మాస్టర్ లైటు పచ్చగా వెలిగేసరికి పిస్టల్ ధరణి చేతిలో ఉంది.

చప్పుడుకు ఊడ్చే పద్మమ్మ పరుగెత్తుకొచ్చి ఊడిన ప్లగ్గు చూసింది. "నేనే గుంజిన బిడ్డా. కొత్త మిషన్‌కు బొట్టు పెట్టాలె గద. చాలూ ఉంటే షాక్ కొడ్తదని తీగ పీకిన. మళ్ల పెట్టుడు యాది మరిచిన."

సంగతంతా విని చీఫ్ ఫోన్‌లో గద్దించాడు. "మూడు తాళాలు, వేలిముద్రలు ఉన్న గదిలోకి ఆమెను రానిచ్చిన వెధవ ఎవడు? నాకిప్పుడే పేరు కావాలి!"

"వద్దు సార్," అంది ధరణి. "తెలిస్తే ప్రమోషన్ ఇవ్వాల్సి వస్తుంది."