తప్పులాయన పట్టిన తప్పు

"మేడమ్, సబ్బుకి మీరు జవాబు రాయలేదు."

తలెత్తి చూశాను. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్న మనిషొకడు ల్యాప్‌టాప్‌ని చంటిపిల్లలా ఎత్తుకుని నా టేబుల్ పక్కన నిలబడి ఉన్నాడు.

"సబ్బు నన్నేమైనా అడిగిందా?" అన్నాను.

"కెప్టెన్ బాత్‌రూమ్‌లో సబ్బుందండీ. హీరో దాన్ని తింటే గేమ్ ఏమంటుందో మీరు రాయలేదు."

"ఎవడైనా సబ్బు తింటాడా?"

"నేను తినిపించాను," అన్నాడు గర్వంగా.

మొదటి చూపులోనే కొందరికి గుండె ఝల్లుమంటుందట. నాకు ఒళ్ళు మండింది.

మా ఆఫీసువాళ్ళు ఒక పాతకాలపు సైన్స్ ఫిక్షన్ అడ్వెంచర్ గేమ్‌ని కొత్త బొమ్మలతో తెలుగులోకి తెస్తున్నారు. అందులో హీరో గొడుగులు బాగుచేసేవాడు. పొరపాటున అతన్ని అంతరిక్ష నౌక ఎక్కించేస్తారు. అక్కడ వాన పడదని పాపం ఎవరూ చెప్పరు. ఇక గ్రహం గ్రహం తిరుగుతూ, కనపడ్డ ప్రతి వస్తువునీ కెలుకుతూ, చస్తూ, మళ్ళీ బతుకుతూ, చివరికి ఎలాగో లోకాన్ని కాపాడేస్తాడు. ఆడేవాడు ఏ తిక్కపని చేయించినా గేమ్ ఊరుకోదు, ఏదో ఒక వెటకారం ఆడుతుంది. ఆ మాటలు తెలుగులో రాయడం నా ఉద్యోగం. చిన్నప్పటినుంచీ ఊరికే చేస్తున్న పనికి ఇప్పుడు జీతం కూడా ఇస్తున్నారు. ఆఫీసులో నన్ను వెటకారం అనే పిలుస్తారు, ఎదురుగానే.

అతను టెస్టర్. గేమ్‌లో తప్పులు పట్టడం అతని పని. అతన్ని అందరూ తప్పులాయన అంటారు, కానీ చాటుగా. ఎదురుగా అంటే ఆ పేరులోనూ తప్పు పడతాడని భయం.

మర్నాడు మళ్ళీ వచ్చాడు.

"జైలు గోడమీద దొంగల ఫొటోలున్నాయి కదా, అవి ఎవరివో తెలుసా మీకు?"

"దొంగలవి."

"కాదండీ! ఈ గేమ్ తయారుచేసినవాళ్ళవే! వాళ్ళని వాళ్ళే దొంగలుగా గీసుకున్నారు. రెండో గ్రహం మీద కొట్లో చెత్తబుట్ట వెతికితే పోటీ కంపెనీవాళ్ళ గేమ్ దొరుకుతుంది. కెప్టెన్ ఫ్రిజ్‌ని తడుతూ ఉంటే అది విసుగెత్తి తిడుతుంది."

"ఇవన్నీ తెలుసుకుని మీకు ఒరిగిందేమిటండీ?"

కాసేపు నిజంగానే ఆలోచించాడు. "ఆనందం," అన్నాడు.

ఆనందం సంగతి అలా ఉంచి, నేను మార్చిన జోకుల మీద పడ్డాడు. ఒరిజినల్‌లో ఒకచోట, ఆ గేమ్ పుట్టిన దేశంలో ఎప్పుడో వచ్చిన టీవీ ప్రకటన మీద జోకు ఉంది. మనవాళ్ళకి అదేం తెలుస్తుందని తీసేసి నాదొకటి పెట్టాను.

"కింద చిన్న వివరణ ఇద్దాం మేడమ్."

"వివరణ ఇచ్చిన జోకుకి ఎవరూ నవ్వరు సార్. బాస్ వేస్తే తప్ప."

"ఒరిజినల్‌లో లేనిది గేమ్‌లో ఉండకూడదండీ. అది నా రూలు."

రూలట, రూలు. అలా రోజూ రావడం, రోజూ గొడవ. రానిరోజు మాత్రం నాకు పని సాగేది కాదు. ఎందుకో ఆలోచించదలచుకోలేదు.

ఒక మధ్యాహ్నం వాన దంచికొట్టింది. కరెంటు పోయింది. అందరూ టీ తాగడానికి కిందికి పోయారు. అతను కిటికీ దగ్గర నిలబడి, వానలోనూ తప్పు వెతుకుతున్నట్టు చూస్తున్నాడు.

"అసలు ఈ గేమ్ అంటే మీకెందుకండీ అంత పిచ్చి?" అన్నాను.

"చిన్నప్పుడు నాకు నత్తి," అన్నాడు అటే చూస్తూ. "నేను మాట పూర్తిచేసేలోపు పిల్లలందరూ ఆటకి పోయేవాళ్ళు. ఈ గేమ్ ఆగేది. నేను ఏం టైపు చేసినా ఏదో ఒకటి అనేది. తిట్టేదే అనుకోండి. అయినా పలికేది కదా."

నా నోటిదాకా ఒక వెటకారం వచ్చింది. మింగేశాను. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. అప్పుడే నా పని అయిపోయిందని అర్థమైంది. అతనంటే నాకు ఇష్టం. మామూలు ఇష్టం కాదు, అతను వస్తాడని కావాలని తప్పులు రాసేంత ఇష్టం.

సరే, చెప్పేస్తే పోతుంది కదా అంటారు. చెప్పడానికి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి నోరు తెరిస్తే, "ఈ చొక్కా మీ తాతగారిదా?" అని వచ్చింది. రెండోసారి ఏమొచ్చిందో చెప్పను. తిన్నగా మాట్లాడడం నాకు చేతకాదు. అందుకని నాకు చేతనైన చోట చెబుదామనుకున్నాను.

గేమ్ చివర్లో చంద్రుడి మీద ఒక విరిగిన రేడియో ఉంది. ఎవరికీ పనికిరాదు. గొడుగు పిడితో దాని మీట తిప్పి, ఏమీ చేయకుండా చాలాసేపు కూర్చుంటే తెరమీద మాటలు వచ్చేట్టు పెట్టాను. అంత తిక్కపని ఈ లోకంలో ఒక్కడే చేస్తాడు.

"తప్పులాయనా, ఇక్కడిదాకా నువ్వు తప్ప ఎవరూ రారు. అందుకే ఇక్కడ చెబుతున్నాను. నువ్వంటే నాకు ప్రాణం. ఇది వెటకారం కాదు."

మూడురోజులు నిద్రలేదు నాకు. నాలుగోరోజు పొద్దున్న, టెస్టర్ పట్టే ప్రతి తప్పూ వెళ్ళినట్టే, ఇదీ మెయిల్‌లో ఆఫీసు మొత్తానికి వెళ్ళింది.

"విరిగిన రేడియోలో సంబంధం లేని మాటలు వస్తున్నాయి. తప్పులాయన అనే పాత్ర గేమ్‌లో ఎక్కడా లేదు. ఒరిజినల్‌లో ఈ ప్రేమ వ్యవహారం లేదు. తీవ్రత: మధ్యస్థం. తొలగించాలి."

మధ్యస్థం! నా ప్రాణం మధ్యస్థమట!

అతనికి ఆ పేరు తెలియదన్న సంగతి నాకు తట్టనేలేదు. ఇంత తెలివి ఏం చేసుకోను?

మీటింగ్ పెట్టారు. మర్నాడే గేమ్ విడుదల. బాస్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏమ్మా వెటకారం, ఎవరీ తప్పులాయన?"

బొమ్మలు గీసే అమ్మాయికి పొలమారింది. పాటలు కట్టే అబ్బాయి పెన్ను పడిపోయిందని టేబుల్ కిందికి దూరి, మళ్ళీ పైకి రాలేదు.

"నేనూ అదే అడుగుతున్నాను సార్," అన్నాడు తప్పులాయన.

భూమి చీలితే బాగుండుననిపించింది. చీలదు కదా.

"తీసేయండి," అన్నాను. "పొరపాటున పడింది."

బయటికొచ్చి మెట్లమీద కూర్చుని అమ్మకి ఫోన్ చేశాను. మా అమ్మ కోర్టులో టైపిస్టు. ఏడుపు ఆపుకుంటూ అంతా చెప్పాను.

"ఇంతకీ ఆ అబ్బాయికి చెప్పావా లేదా?"

"చెప్పానమ్మా. రేడియోలో."

"ఏ రేడియోలోనే?"

"విరిగిపోయిందిలే. చంద్రుడి మీద."

అవతల టైపు చప్పుడు ఆగింది.

"పాతికేళ్ళుగా సాక్ష్యాలు టైపు చేస్తున్నానే. డొంకతిరుగుడు సాక్ష్యాన్ని నమ్మిన జడ్జీని నేను చూళ్ళేదు. పోయి తిన్నగా చెప్పు. ఇక్కడ నాకు పనుంది," అని పెట్టేసింది.

సాయంత్రం అందరూ వెళ్ళాక అతను వచ్చాడు. చేతిలో ల్యాప్‌టాప్ లేదు. అది లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు అతనికి.

"తొలగించేశాను మేడమ్."

"సంతోషం. సన్మానం ఎప్పుడు పెట్టమంటారు?"

కదలడే!

"ఆ త... తప్పులాయన ఎవరో గానీ," అన్నాడు, "అదృష్టవంతుడండీ. ఆ మాటలు చాలాసార్లు చదివాను. ఒక్క తప్పూ లేదు. అయినా తప్పని రాశాను. అవి ఇంకెవరికో రాశారని... చూడలేకపోయాను."

ఓరి దేవుడా! ఈ మనిషి తనమీద తనే కుళ్ళుకుంటున్నాడు!

ఎన్ని మాటలు నోటికొచ్చాయో లెక్కలేదు. ఒక్కటీ అనలేదు.

"తప్పులాయన మీరే," అన్నాను.

"ఎవరు?"

"మీరే. ఆఫీసులో అందరూ మిమ్మల్ని చాటుగా అలాగే అంటారు."

కుర్చీలో కూలబడ్డాడు. "మరి మీటింగ్‌లో అందరూ..."

"అవును. మీకొచ్చిన ప్రేమలేఖని నలుగురిలో పెట్టి తొలగించమన్నది కూడా మీరే."

"అయ్యో! ఉండండి, ఇప్పుడే మళ్ళీ పెట్టేస్తాను! రాత్రిదాకా టైముంది!" అంటూ లేచాడు.

"వద్దు." చెయ్యి పట్టుకుని ఆపాను. "గేమ్‌లో వద్దు. నేనే చెబుతాను, వినండి. మీరంటే నాకు ఇష్టం. చాలా ఇష్టం."

వెనకాల ఒక జోకు తగిలించకుండా మాట ఆపడం ఎంత భయమో అప్పుడు తెలిసింది. అతను కాదంటే నవ్వులాటకి అన్నానని తప్పించుకునే దారి కూడా మిగల్లేదు.

"నాకూ," అన్నాడు. "మీ టేబుల్ దగ్గరికి రావడానికే తప్పులు వెతికేవాణ్ణి. దొరకనిరోజు... కల్పించేవాణ్ణి."

"కల్పించారా! మీరా!"

"ఓ ఆరేడు ఉంటాయి," అన్నాడు, తల ఎత్తకుండా.

ఆ ఆదివారం మా ఇంటికి తీసుకెళ్ళాను. అమ్మ అతన్ని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఎగాదిగా చూసింది.

"తప్పులు పట్టడం నీ పనట కదా నాయనా. మా అమ్మాయిలో ఏం తప్పు కనపడింది?"

అడిగితే ఏమీ లేదండీ అనాలి. లోకంలో ఎవరైనా అంతే అంటారు. ఈయన కప్పు కింద పెట్టి ఆలోచనలో పడ్డాడు.

"ఒకటుందండీ," అన్నాడు. "చీకటి పడేసరికి నన్ను ఇంటికి పొమ్మంటుంది."

అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "దానిదేముంది, సరిచేద్దాం. మీ అమ్మానాన్నల్ని ఒకసారి రమ్మను."

నేనేదో అనబోయాను.

"నువ్వు కాసేపు నోరు మూసుకోవే," అంది అమ్మ.

మూసుకున్నాను.