నల్లగా కనిపించిన దారి

అవినాష్ శవం పాలిష్ మిషన్ పక్కన బోర్లా పడి ఉంది. మధ్యాహ్నం మూడున్నరకే జమ్మలమడుగు బండల యార్డు మూగబోయింది. బండల బేరగాడి వేషంలో వచ్చిన ఏజెంట్ మొయిన్ ఒంగి నాడి చూశాడు. అవినాష్ ప్రొద్దుటూరు ఆఫీసులో శాటిలైట్ బొమ్మలు చూసి ధ్రువ సముద్రంలోని మంచుకు మ్యాపులు గీసేవాడు. "మ్యాపులో మోసముంది, యార్డుకు రా" అని పొద్దున్నే కబురంపాడు.

మొయిన్ చేతి గడియారంలో చీఫ్ గొంతు పలికింది. "మన పరిశోధన ఓడ సరిగ్గా నాలుగింటికి మంచులోకి దూరుతుంది. మ్యాపు తప్పయితే మంచు దాన్ని నలిపేస్తుంది. సాయం పేరుతో విదేశీ ముఠా వచ్చి మన రహస్య పరికరాలు ఎత్తుకుపోతుంది. ఓడలో అరవై ఇద్దరున్నారు."

వాళ్లలో డాక్టర్ షహనాజ్ మొయిన్‌కి సొంత చెల్లెలు. చీఫ్‌కి తెలుసు.

పులివెందుల వైపు నుంచి తెల్ల కారు వచ్చి ఆగింది. ప్రశాంతి దిగింది. మ్యాపు ఆఫీసు హెడ్డు, ఆ ముఠాలోకి మనవాళ్లు గూఢచారిగా పంపిన మనిషి. నల్ల కళ్లద్దాలు, హైహీల్స్. బండల యార్డుకు హైహీల్స్ వేసుకొచ్చిన మనిషిని మొయిన్ చూడటం అదే మొదటిసారి.

"అవినాషే ముఠా మనిషి. మ్యాపు కరెక్టే," అంటూ ట్యాబ్ చూపించింది. "రాడార్ బొమ్మ ఇది. ఏండ్లనాటి మందపు మంచు గరుగ్గా ఉంటాది, మైక్రోవేవ్‌లను వెనక్కి కొట్టి తెల్లగా కనపడతాది. కొత్తగా కట్టిన పలచటి మంచు నున్నగా ఉంటాది, నల్లగా కనపడతాది. దారంతా నలుపే. ఓడ పోవచ్చు."

మొయిన్‌కి ప్రాణం లేచొచ్చింది.

"ఈ రక్తం నేను చూడలేనప్పా," అని యార్డు యజమాని గఫూర్ బకెట్ నీళ్లు గుమ్మరించాడు. నెత్తురంటిన బండ పాలిష్ పట్టనిది, బూడిద రంగుది. తడవగానే నల్లగా నిగనిగలాడింది.

మొయిన్ ఆ బండనూ ట్యాబ్‌లోని నల్ల దారినీ మార్చి మార్చి చూశాడు. ఇది ఈ ఊళ్లో పాత మోసమే. నీళ్లు చల్లి పచ్చి బండను పాలిష్ బండగా అంటగడతారు. తడి బండ కొనేవాడంత వెర్రివాడు లేడని మొయిన్ నాన్న పోరేవాడు.

"చీఫ్, ఈ బొమ్మ తీసిన రోజు అక్కడ వాతావరణం?"

"ఎండ. మంచు పైపైన కరిగి తడిసింది."

"తడిస్తే మందపు మంచు కూడా నల్లగానే కనిపిస్తుంది! అంతకుముందు పొడిగా ఉన్న రోజుల బొమ్మలు చూడండి!"

"అవి ప్రశాంతి ఆఫీసులో లేవు. గ్రౌండ్ స్టేషన్‌లో వెతికిస్తాను. ఆధారం లేనిదే కెప్టెన్ ఓడ ఆపడు."

"శానా తెలివైనోడివే," అంది ప్రశాంతి. ఆమె చేతిలో పిస్టల్ ఉంది. "అవినాష్ గూడా ఇదే అన్యాడు."

గురి చూస్తూ ఒక అడుగు ముందుకేసింది. తడిసిన బండ మీద హైహీల్ జారింది. గుండు ఆకాశానికి పోయింది. మొయిన్ పిస్టల్ లాక్కుని ఆమె చేతులు విరిచి కట్టాడు.

మూడూ యాభై తొమ్మిది. గడియారం పలకదు. షహనాజ్ చిన్నప్పటి ముఖం కళ్ల ముందు నిలిచి, ఏజెంట్ మొయిన్ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

"మొయిన్! పొడి రోజుల బొమ్మల్లో దారంతా తెల్లగా ఉంది, ఏళ్లనాటి మంచు! ఓడ ఆపేశాం. మంచుకు ముప్పై మీటర్ల ఇవతల!" గడియారంలో చీఫ్ గొంతు.

కాసేపటికి శాటిలైట్ ఫోన్ మోగింది. "ఏంది భయ్యా, ఊరికే ఓడ నిలబెట్టేసినారు!" షహనాజ్ చిరాకు పడింది. "ఈడ అందరూ మ్యాపు గీసినోళ్లని తిడతాండారు."

"తిట్టనీలేమ్మా," అన్నాడు మొయిన్ కళ్లు తుడుచుకుంటూ. "తిట్టేదానికి అరవై రెండు నోళ్లూ ఉండాయి గదా."